అన్నదెవరు?

మన వ్యాసాలలో తరచు కనిపించే మాట ఒకటి వుంది: "చెప్పబడుతున్నది". ఎవరు చెప్పారు? చూసి చెప్పారా, విని చెప్పారా? యీ ప్రశ్నలకు ఆ క్రియ జవాబివ్వదు. మన భాషలో యిందుకు తగిన సాధనాలు లేకపోలేదు. "అని" ఎదుటివాని మాటను ఎదుటివానిదిగానే వుంచుతుంది. "అట" అది విన్నమాట మాత్రమేనని హెచ్చరిస్తుంది.

2016 వరకు నల్లగొండ జిల్లాలో వుండి, యిప్పుడు సూర్యాపేట జిల్లాలో చేరిన హుజూర్‌నగర్ ప్రాంతంలో, 1946-51 నాటి రైతాంగ పోరాటాన్ని గురించి పెద్దలను అడిగినప్పుడల్లా యిది నాకు స్పష్టమయింది. "దళం వచ్చిందట. నేను చూడలే, మా అత్త చెప్పేది" అంటుంది చదువురాని ముసలమ్మ. ఆధారం చూపడమంటే యిదే కదా! అదే సంగతి విద్యార్థి వ్యాసంలో "దళం వచ్చినట్లు తెలుస్తున్నది" అవుతుంది. అత్త మాయమయింది. ఆమెతోపాటు సాక్ష్యమూ పోయింది, సందేహమూ పోయింది.

పరోక్ష కథనంలో యింతకు మించిన ప్రమాదం వుంది. "మా భూమి మేం దున్నుకున్నం" అని ఒక రైతు అన్నాడనుకుందాం. "తాము భూమిని ఆక్రమించుకున్నామని రైతు అంగీకరించాడు" అని మనం రాస్తాం. "మేం" "తాము"గా మారటం వ్యాకరణం. దున్నుకోవటం ఆక్రమణగా మారటం వ్యాకరణం కాదు. అది దొర మాట. "అంగీకరించాడు" అన్న క్రియ రైతును బోనులో నిలబెట్టింది. యిలాగే మన రాతలలో పోలీసు రికార్డు "తెలియజేస్తుంది", కూలీ "ఆరోపిస్తాడు". యిద్దరూ చెప్పినవారే అయినప్పుడు యిద్దరికీ "చెప్పారు" అన్న ఒక్క క్రియ ఎందుకు చాలదు?

యీ దోషం ప్రత్యర్థులకే పరిమితం కాదు. "ప్రజలు కోరారు" అని మనమూ సులభంగా రాసేస్తాం. ఏ వూరి ప్రజలు? పాలేరా, పట్టాదారా? స్త్రీలను అడిగామా? స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర" విలువ యిక్కడే తెలుస్తుంది. అందులో చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటి వారు తమ పేర్లతో, తమ నోటితోనే మాట్లాడతారు. వారి తరఫున "ప్రజలు" మాట్లాడలేదు.

ఆధార సూచన పరీక్షకుని తృప్తి కోసం చేసే అలంకారం కాదు. భూమి ఎవరిదని అడిగినవాళ్లం, మాట ఎవరిదని కూడా అడగాలి. చెప్పినవారి పేరు, వారికి తెలిసిన తీరు, వారు వాడిన మాట, యీ మూడూ వాక్యంలో నిలిచినప్పుడే "అని" రాసే హక్కు మనకుంటుంది.