గేరి నుంచి లెక్కల దాకా: ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేయాల్నా, వద్దా?



పోయిన భాగంలో బీఎడ్ సీట్ల గురించి రాసినాక హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇన్‌బాక్స్‌లో రెండు ప్రశ్నలు అడిగినారు. "అన్నా, బీఎస్సీ మ్యాథ్స్ అయిపోయింది. ఎమ్మెస్సీ చేస్తే ఏమొస్తుంది? అసలు మన వాళ్లకు లెక్కలు వస్తాయా?" మొదటిదానికి జవాబు కింద రాస్తా. రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ముందు దాని సంగతి చూద్దాం. పోస్టు పొడుగే. ఓపికగా చదవండి.

కెమిస్ట్రీకి ల్యాబు కావాల. ఫిజిక్సుకు పరికరాలు కావాల. లెక్కలకు తెల్లకాగితాలు, ఒక పెన్ను, ఒక పుస్తకం, అడిగితే విసుక్కోకుండా చెప్పే సారు ఉంటే చాలు. ఆ లెక్కన సైన్సులన్నింటిలో మనలాంటోళ్లకు అందరికంటే ముందు అందాల్సింది ఇదే. మరి పీజీ క్లాసులో మన పిల్లోళ్లు ఇంత తక్కువ ఎందుకున్నారు? బుర్ర లేకనా? కాదు. లెక్కలకు ఇంకొకటి కూడా కావాల. అది తీరిక. అదే మన ఇండ్లల్లో లేనిది.

మాది పెనుకొండ దగ్గర ఒక పల్లె. మా గేరిలో మాది ఒకటే గది ఇల్లు. నాయన బేల్దారి పని, అమ్మ చెనక్కాయలు వలిచే కూలి. డిగ్రీకి రోజూ ప్యాసింజర్ రైల్లో హిందూపురం పోయి వచ్చేవాణ్ణి. ఒక సిద్ధాంతం తలకెక్కాలంటే మూడు గంటలు ఎవరూ పిలవకుండా కూర్చోవాల. మా ఇంట్లో ఆ మూడు గంటలు నాయనకు లేవు, అమ్మకు లేవు. నాకెక్కడ నుంచి వస్తాయి? ఆదివారమొస్తే నాయనతో సిమెంటు మోసేదానికి పోవాల. నా క్లాసులో కొందరు తెల్లారుజామున లేచి పుస్తకం తీస్తే వాళ్లింట్లో కాఫీ ఇచ్చేవాళ్లు. నేను లేస్తే బిందె చేతికిచ్చి కొళాయి దగ్గరికి పంపేవాళ్లు. పరీక్షల్లో మా ఇద్దరికీ మార్కులు వచ్చినాక ఆ తేడాకు మెరిట్ అని పేరు పెడతారు.

ఎమ్మెస్సీలో చేరినాక ఇంకో గోడ అడ్డమొచ్చింది. తెలుగు మీడియంలో చదివినోణ్ణి. మొదటి సెమిస్టర్‌లోనే రియల్ అనాలిసిస్. బోర్డు మీద ఎప్సిలాన్, డెల్టా. కంటిన్యుయిటీకీ, యూనిఫామ్ కంటిన్యుయిటీకీ తేడా ఏమని లేచి అడిగితే, పాఠం చెప్పే ఆయన "రిజర్వేషన్ సీటు ఇప్పిస్తుంది గానీ ఎప్సిలాన్ ఇప్పించదు" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

ఆ రాత్రి హాస్టల్లో మన సీనియర్ అన్న ఒకాయన నోటుబుక్కు మూసేసి నన్ను అడిగినాడు. "ప్రతి ఊరికీ ఒక గేరి ఉంది. నిజమా?" నిజమే అన్నాను. "అన్ని ఊర్లకూ కలిపి ఒకే గేరి ఉంది. నిజమా?" కాదన్నాను. "అంతే రా. ఎప్సిలాన్ ఎంత ఇచ్చినా ప్రతి బిందువుకూ దాని డెల్టా దానికుంటే కంటిన్యుయిటీ. అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోతే యూనిఫామ్ కంటిన్యుయిటీ. మాటల వరస మారితే అర్థమే మారిపోతుంది."

మూడు వారాలుగా రానిది పది నిమిషాల్లో వచ్చింది. మన బతుకులోని మాటతో చెప్పేవాళ్లు లేకపోవడమే అంతవరకూ ఉన్న లోటు.

"మీకు రావు" అనేవాళ్లకు ఒక పేరు చెప్పండి. డేవిడ్ బ్లాక్‌వెల్. అమెరికాలో నల్లజాతి కుటుంబంలో పుట్టి, 1941లో 22 ఏళ్లకే లెక్కల్లో పీహెచ్‌డీ చేసినాడు. ఆ తర్వాత ఏడాది ప్రిన్స్‌టన్‌లోని పరిశోధన సంస్థలో ఉంటే, పక్కనే ఉన్న విశ్వవిద్యాలయం నల్లవాడని క్లాసులకు రానివ్వలేదు. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతీయుడు ఆయనే. స్టాటిస్టిక్స్‌లో మీరు చదివే రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతంలో సగం పేరు ఆయనది. మిగతా సగం మన పక్కనే, అప్పటి బళ్లారి జిల్లా హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎమ్మే చేసిన సీ.ఆర్. రావు గారిది.

ఇక మెరిట్ అంటే అందరూ చెప్పేది రామానుజన్ పేరు. ఆయన కథలో డబ్బు సంగతి మాత్రం దాటేస్తారు. కుంభకోణం కాలేజీలో వేరే సబ్జెక్టులు తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. 1912లో మద్రాసు పోర్ట్ ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా. 1913లో డిగ్రీ లేకపోయినా మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్ ఇచ్చింది. ఆ 75 రూపాయలు కొనిచ్చింది తీరికనే. అంతటి మేధావికే తీరిక కొనివ్వాల్సి వచ్చింది. మనం స్కాలర్‌షిప్ అడిగితే మాత్రం బిచ్చం అంటారు.

ఈ సంగతి బాబాసాహెబ్‌కు బాగా తెలుసు. వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉండి ఆయన పట్టుబట్టినందుకే 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్-మెట్రిక్ స్కాలర్‌షిప్‌లు మొదలైనాయి. 2016 జనవరి 17న మనల్ని విడిచిపోయిన రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1 లక్షా 75 వేల రూపాయలు రావాల్సి ఉందని ఆఖరి ఉత్తరంలో కూడా రాసినాడు. ఆ లెక్క మనం మర్చిపోకూడదు.

2020 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 77 తెచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీలో చేరేవాళ్లకు విద్యా దీవెన, వసతి దీవెన లేవన్నది. ఆ జీవో మా ఇంటికెట్లా వచ్చిందో చెప్తా. ధర్మవరంలో మా చిన్నమ్మ మగ్గాల ఇండ్లల్లో కండెలు చుట్టే పని చేస్తుంది. చిన్నాయన హమాలీ. వాళ్ల కూతురు, నా చెల్లెలు, 2021లో బీఎస్సీ మ్యాథ్స్ ఫస్ట్ క్లాసులో పాసైంది. పీజీసెట్ రాస్తే ప్రైవేటు కాలేజీలో సీటొచ్చింది. ఫీజు సొంతంగా కట్టుకోవాలన్నారు. పాప హిందూపురం దగ్గర గార్మెంట్స్‌లో చేరి ఏడాదిపాటు కాలర్లు కుట్టింది. మరుసటి ఏడు మళ్లీ రాసి యూనివర్సిటీ సీటు తెచ్చుకుంది. ఇప్పుడు సీఎస్‌ఐఆర్ నెట్‌కు చదువుతోంది. గెలిచింది కదా అంటారు. గెలిచింది. మరి ఆ ఏడాది ఎవరి ఖాతాలో రాయాల? అట్లా గార్మెంట్స్‌కు పోయి తిరిగిరాని పిల్లలు ఎంతమంది?

ఇప్పుడు మొదటి ప్రశ్న: ఎమ్మెస్సీ చేస్తే ఏమొస్తుంది? జూనియర్ లెక్చరర్ కావాలన్నా, డిగ్రీ కాలేజీలో చెప్పాలన్నా పీజీ లేకుండా కుదరదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పరిశోధనకు నెలకు 37,000. ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేయాలంటే జామ్ పరీక్ష ఉంది, అది కూడా రాయండి. నెట్ లెక్కల పేపర్లో పార్ట్-సీకి నెగెటివ్ మార్కులు లేవు, భయపడొద్దు. డిగ్రీ చివరి ఏడాది నుంచే రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా పట్టుకోండి. ముందు తెలుగులో అర్థం చేసుకుని, తర్వాత ఇంగ్లీషులో రాయడం అలవాటు చేసుకోండి. సిగ్గుపడొద్దు.

చదవడం ఒక్కటే చాలదు, అడగాల కూడా. 2022 ఏప్రిల్ 4న మన మూడు ఊర్లూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చినాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అనంతపురంలోనే ఉంది. హిందూపురం పిల్లకు అది వంద కిలోమీటర్ల పైమాటే. మన ఊర్ల ప్రభుత్వ కాలేజీల్లో పీజీ లెక్కల సీట్లు అడగండి. ఆడపిల్లలకు హాస్టల్ అడగండి. స్కాలర్‌షిప్ ఏ నెలది ఆ నెల పడాలని అడగండి. గేరిలో అంబేడ్కర్ భవనం ఉంటే రాత్రిపూట ఒక లైటు, నాలుగు బెంచీలు వేయించి పిల్లోళ్లకు ఆ మూడు గంటలు దొరికేట్టు చూడండి. దీనికి ఏ జీవో అక్కర్లేదు.

ఈ ఏడాది ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో చేరాలనుకునే వాళ్లు కామెంట్లో మీ ఊరు పేరు రాయండి. ఆదివారాలు ఎప్సిలాన్-డెల్టా తెలుగులో చెప్పేదానికి నేనూ, చెల్లెలూ రెడీ.

వచ్చే భాగం ఎస్సీ హాస్టళ్ల మెస్ ఛార్జీల గురించి.

జై భీమ్.