ప్లాచిమడలో ఒక పూట

పడమటి కనుమలు దేశపు పశ్చిమ తీరం పొడవునా దాదాపు తెగని గోడవలె సాగి, పాలక్కాడు వద్ద మాత్రం సుమారు ముప్పై కిలోమీటర్ల వెడల్పున దారి విడిచినవి. శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళే మన తెలుగు అయ్యప్ప స్వాములకు కోయంబత్తూరు దాటగానే కిటికీలోంచి కొట్టే ఆ గాలి బాగా పరిచితమే. కేరళ అనగానే వానలు, పడవలు, పచ్చదనం తలచుకునేవారికి ఈ జిల్లా తూర్పు భాగం ఆశ్చర్యం కలిగిస్తుంది. అక్కడ ఎర్రనేల, మధ్యమధ్య నల్లరేగడి, పొలంగట్ల మీద తాటిచెట్లు, నడినెత్తిన ఎండ. రాయలసీమలోనే ఉన్నామా అనిపిస్తుంది. తాలూకా పేరు కూడా చిత్తూరే!

సంస్థ పనిమీద పాలక్కాడు వెళ్ళిన మేము నలుగురము నీటిశుద్ధి విభాగానికి చెందినవారము. మధ్యలో ఒక ఆదివారం కలిసి వచ్చినది. హైదర్ అలీ కట్టించిన కోట, మలంపుళ ఆనకట్ట చూడదగినవే గాని, మా వృత్తి మమ్మల్ని మరొక చోటికి లాగినది. అదే ప్లాచిమడ. పాలక్కాడు నుంచి చిత్తూరు మీదుగా మీనాక్షీపురం వెళ్ళే దారిలో, తమిళనాడు సరిహద్దుకు చేరువలో, పెరుమాట్టి పంచాయతీకి చెందిన చిన్న గ్రామము.

దారిలో చిత్తూరు పక్కనే పారే నదికి శోకనాశిని అని పేరు. మలయాళ భాషకు ఆదికవివలె పూజలందుకునే ఎళుత్తచ్ఛన్ గురుమఠం ఆ నది ఒడ్డునే ఉన్నది. ఈ తాలూకా కొబ్బరికల్లుకు కూడా ప్రసిద్ధి. ఇక్కడి తోటలలో గీసిన కల్లు కేరళలోని అనేక జిల్లాలకు వెళుతుంది. మాలో ఒక మిత్రుడు, "ఇదీ పానీయ పరిశ్రమే గదా! దీనికి వ్యర్థజలాల శుద్ధికేంద్రం అక్కరలేదు" అని నవ్వించాడు. కుండ కడిగిన నీళ్ళు చెట్టు మొదట్లోనే పోస్తారు మరి.

ప్లాచిమడలో చూడవలసినది మూతపడిన కర్మాగారమే. హిందుస్థాన్ కోకా-కోలా బెవరేజెస్ వారి శీతలపానీయాల కర్మాగారం 2000 మార్చిలో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. రెండేళ్ళు తిరగకముందే చుట్టుపక్కల బావులలో నీరు తగ్గినదనీ, ఉన్న నీరు ఉప్పదేరినదనీ ఊరివారు మొరపెట్టుకున్నారు. 2002 ఏప్రిల్ 22న ఆదివాసులు గేటు ఎదుట పందిరి వేసి కూర్చున్నారు. వారికి ముందు నిలిచినది ఎరవాలర్ తెగకు చెందిన మయిలమ్మ. 2007లో ఆమె కన్నుమూసింది. ఆరోపణలను కంపెనీ అంగీకరించలేదు. పంచాయతీ 2003లో లైసెన్సు పొడిగించడానికి నిరాకరించినది. వ్యవహారం హైకోర్టుకు చేరినది. భూగర్భజలం ప్రజలందరి ఆస్తి అనీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమేననీ ఆ ఏడాది డిసెంబరులో ఏకసభ్య ధర్మాసనం చెప్పినది. 2005లో ద్విసభ్య ధర్మాసనం భిన్నంగా ఆలోచించి, రోజుకు 5 లక్షల లీటర్ల వరకు తోడుకోవచ్చునన్నది. అయితే 2004 మార్చిలో ఆగిన యంత్రాలు మళ్ళీ తిరగలేదు. ఇకపై అక్కడ ఉత్పత్తి జరిపే ఉద్దేశం లేదని 2017లో కంపెనీ సుప్రీంకోర్టుకు తెలియజేసింది. 2021లో అదే ఆవరణ కొంతకాలం కోవిడ్ చికిత్సాకేంద్రంగా ఉపయోగపడినది.

ప్రహరీ పక్కన చెట్టునీడలో నిలబడి మేము మాట్లాడుకున్నదంతా శుద్ధికేంద్రాల నిర్మాణం గురించే. శీతలపానీయాల వ్యర్థజలం చూడడానికి సాధువు. రంగు, కంపు అంతగా ఉండవు. కాని పానీయంలో నూటికి పదిపాళ్ళకు పైగా చక్కెరే. నేలపాలైన ఒక్క లీటరు పానీయం తనలోని చక్కెర కుళ్ళడానికి సుమారు 70 వేల మిల్లీగ్రాముల ప్రాణవాయువును అడుగుతుంది. ఏటిలోకి వదిలే నీటికి నిబంధన లీటరుకు 30 మిల్లీగ్రాములు. అంటే ఆ ఒక్క లీటరును పలుచన చేసి సరిపెట్టాలంటే రెండువేల లీటర్లకు మించిన మంచినీరు కావాలి.

దానికి తోడు సీసాలు కడిగే కాస్టిక్ సోడా. ఉదయం సీసాల యంత్రం ఖాళీ చేస్తే నీరు ఘాటైన క్షారం. మధ్యాహ్నం చక్కెర పాకం తొట్లు కడిగితే తియ్యని నీరు. అది కుడితి తొట్టివలె కొద్దిగంటలలోనే పులిసి ఆమ్లమవుతుంది. శుద్ధిచేసే సూక్ష్మజీవులు ఈ పోట్లాటను భరించలేవు. కాబట్టి ముందుగా ఒక పెద్ద తొట్టిలో అన్ని షిఫ్టుల నీటిని కలిపి, కలియబెట్టి, సమం చేయాలి. మా అనుభవంలో ఖర్చు తగ్గించమన్నప్పుడు మొదట కుదించేది ఈ తొట్టినే. తరువాత వచ్చే కష్టాలలో సగం దాని చిన్నతనం వల్లనే వస్తాయి. ఇక చక్కెరనీటిలో నత్రజని ఉండదు. ఉత్త పాకం తాగించి బిడ్డను పెంచలేము గదా! అందుకని శుద్ధికేంద్రంలో యూరియా కొలిచి వేస్తారు. వేయకుంటే దారపుపోగుల వంటి జీవులు పెరిగి బురద అడుగుకు దిగక, నీటితోపాటే బయటకు పొర్లుతుంది.

అసలు విషయం ఆ బురదే. ప్లాచిమడలో కర్మాగారం నుంచి వచ్చిన బురదను చుట్టుపక్కల రైతులకు ఎరువని ఇచ్చారు. 2003 జూలైలో బి.బి.సి. రేడియో వారు దానిని ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో పరీక్ష చేయించగా సీసము, క్యాడ్మియము ఉన్నట్లు తేలినది. చక్కెరను సూక్ష్మజీవులు తినివేస్తాయి. లోహాన్ని తినలేవు, ఒంటికి పట్టించుకుంటాయి. నీటిలో అణుమాత్రంగా ఉన్నది బురదలో పేరుకుంటుంది. బయటకు పోయే నీరు ఎంత తేటగా ఉంటే, బురదను అంత అనుమానంగా చూడవలసి యుంటుంది.

బురద ఎంత పుడుతుందన్నది శుద్ధికేంద్రాన్ని గీసే బల్ల మీదనే తేలుతుంది. ఉదాహరణకు రోజుకు 5 లక్షల లీటర్ల వ్యర్థజలం, అందులో 1,000 కిలోల సి.ఒ.డి. భారం అనుకుందాము. గాలి ఊది శుద్ధి చేస్తే సుమారు 400 కిలోల పొడి బురద మిగులుతుంది. తడితో కలిపి రోజూ ఒక ట్రాక్టరు. గాలి తగలకుండా, మన పేడగ్యాసు గుంటల పద్ధతిలోనే, అడుగునుంచి నీరు పైకి ఎక్కే యు.ఎ.ఎస్.బి. తొట్టిలో చేస్తే వంద కిలోలకు మించదు. పైగా మండించుకోవడానికి మీథేను లభిస్తుంది. 1970లలో నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్‌లో లెటింగా బృందం రూపొందించిన ఈ పద్ధతికి వెచ్చని మన దేశం ఎంతో అనుకూలం. ఆ తరువాత చివర కొద్దిపాటి గాలి ఊదితే చాలును. అయినా ఆ కొద్ది బురద ఎక్కడికి పోవాలన్నది మిగులుతుంది. పటాలలో తొట్లకు కొలతలు ఉంటాయి, పంపులకు సామర్థ్యం ఉంటుంది. బురద గడి నుంచి బయలుదేరిన బాణం మాత్రం కాగితం అంచున ఆగిపోతుంది. దానికి చిరునామా రాయనిదే అంచనా పూర్తయినట్లు సంతకం చేయరాదని మా నలుగురి అభిప్రాయము.

మేము మాట్లాడుకుంటుండగా ఒక పెద్దావిడ బిందెతో వచ్చి ఆగినది. మాలో తమిళం తెలిసిన మిత్రుడు "అమ్మా, ఈ బావి నీళ్ళు తాగుతారా?" అని అడిగాడు. "స్నానానికి, పశువులకు" అన్నది ఆమె. ఒకప్పుడు ఈ నీటితో పప్పు ఉడకక, అన్నం సాయంత్రానికే పాడై, ఆడవాళ్ళు కిలోమీటర్లు నడిచి నీళ్ళు మోశారని చెప్పినది. కాల్షియం, మెగ్నీషియం లవణాలు హెచ్చిన నీటిలో పప్పు మెత్తబడదని మాకు పుస్తకాల ద్వారా తెలుసు. ఆమెకు పొయ్యి దగ్గర తెలిసినది. "మీరు కంపెనీవాళ్ళా?" అని అడిగినది. మరొక కంపెనీవాళ్ళమని చెప్పగా, మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూసి, "మీ ఊళ్ళో బావులు బాగున్నాయా?" అన్నది. మా మిత్రుడు ఆ మాటను తెలుగులోకి మార్చి మాకు చెప్పేసరికి ఆమె నడిచి వెళ్ళిపోయినది.

2010లో రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతాధికార సంఘం ఇక్కడి నష్టాన్ని 216.26 కోట్ల రూపాయలుగా లెక్కగట్టినది. దానిని రాబట్టేందుకు ట్రిబ్యునల్ ఏర్పాటుచేసే బిల్లును కేరళ శాసనసభ 2011లో ఆమోదించినా, రాష్ట్రపతి సమ్మతి లభించనందున అది చట్టం కాలేదు.

ఆ ప్రాంతానికి వెళ్ళదలచిన మన ఉద్యోగ కుటుంబాలకు ఒక మాట. పాలక్కాడు నుంచి చిత్తూరుకు బస్సులు విరివిగా దొరుకుతాయి. గురుమఠం, శోకనాశిని తీరం ఉదయాన్నే చూసుకుని బయలుదేరితే ఎండ ముదరక ముందే ప్లాచిమడ చేరవచ్చు. గొడుగు, తాగడానికి నీరు వెంట ఉంచుకోవడం మంచిది.