ఎవరి కాలు?

భీముడు కుంటుతున్నాడని మా ఆవిడ చెప్పినప్పుడు, బెణికిందేమోలే అన్నాను. డెన్వర్‌లో మంచు పడిన వారం అది. ఎక్కడో జారి ఉంటాడనుకున్నాం. ఎనిమిదేళ్ళ రాట్‌వైలర్, యాభై కిలోలు. రెండు వారాలైనా తగ్గకపోతే ఎక్స్‌రే తీయించాం. ముందు కుడికాలు, మణికట్టుకి కాస్త పైన, ఎముక చెదపట్టిన కర్రలా ఉంది. ఆస్టియోసార్కోమా. పెద్ద జాతి కుక్కలకి ఎక్కువగా వచ్చే ఎముక క్యాన్సర్. అది తరచుగా పుట్టే చోటు కూడా సరిగ్గా అదేనట.

వాడు షేక్ హ్యాండ్ ఇచ్చే కాలు అది.

"కాలు నిలబెట్టొచ్చా?" అన్నది డాక్టర్ని నేనడిగిన మొదటి ప్రశ్న. ఎన్నాళ్ళు బతుకుతాడన్నది రెండోది. ఆ వరస తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నిలబెట్టొచ్చు. మాకు గంట దూరంలో, ఫోర్ట్ కాలిన్స్‌లోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలోనే స్టీఫెన్ విత్రో బృందం 1980లలో ఈ పద్ధతిని తీర్చిదిద్దింది. గడ్డ ఉన్న ఎముక ముక్కని కోసి తీసేస్తారు. ఆ ఖాళీలో దాత కుక్క ఎముకో, లోహపు ముక్కో పెట్టి ప్లేటూ స్క్రూలతో బిగిస్తారు. మణికట్టు ఇక వంగదు, కానీ కాలు ఉంటుంది. ఇంకో దారి స్టీరియోటాక్టిక్ రేడియేషన్. కొయ్యకుండా, గడ్డకి గురిపెట్టి పెద్ద మోతాదులో కిరణాలు పంపుతారు. గడ్డ చచ్చినా ఎముక పెళుసుబారి విరగొచ్చు.

ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది, స్ప్రెడ్‌షీట్ తెరిచాను. కాలు నిలిపే ఆపరేషన్‌లో దాదాపు సగం కుక్కలకి ఇన్‌ఫెక్షన్ వస్తుంది. ఆయుష్షు గడిలో మాత్రం, కాలు తీసేసినా నిలిపినా ఇంచుమించు ఒకటే అంకె: కీమో లేకపోతే నాలుగైదు నెలలు, ఉంటే పది పన్నెండు. జబ్బు బయటపడేసరికే 90 శాతం కుక్కల్లో అది కంటికి కనపడకుండా పాకిపోయి ఉంటుంది, ఎక్కువగా ఊపిరితిత్తులకి. ప్రాణం సంగతి కాలు దగ్గర తేలదు.

ఇందులో ఒక వింత ఉంది. కాలు నిలిపిన కుక్కల్లో ఇన్‌ఫెక్షన్ వచ్చినవి రానివాటికంటే ఎక్కువకాలం బతకడం పరిశోధకులు గమనించారు. 1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ సార్కోమా రోగికి కావాలనే బాక్టీరియా ఎక్కించింది కూడా అలాంటి ఆశతోనే. పుస్తకాల మీద రాసే అలవాటున్నవాణ్ణి కదా, ఇందులో ఏదో గొప్ప అర్థం ఉందని తెల్లవార్లూ చదివాను. పక్కనే వాడు నొప్పికి పడుకునే చోటు మార్చుకుంటూనే ఉన్నాడు.

పొద్దున్నే తెనాలి నుంచి అమ్మ ఫోన్. చెప్పిందంతా విని, "వాడేమన్నా కాళ్ళు లెక్కపెట్టుకుంటాడేంట్రా? ముందు నొప్పి తగ్గే దారి చూడు" అంది.

మిగతా కాళ్ళలో కీళ్ళు అరిగిపోయిన కుక్కలున్నాయి. వాటికి ఆ నాలుగో కాలు నిజంగానే అవసరం. ఆ ఆపరేషన్ అలాంటివాటికి వరమే. భీముడి మిగతా మూడు కాళ్ళూ గట్టిగా ఉన్నాయని సర్జన్ చూసి చెప్పారు. అంటే ఆ కాలు కావలసింది నాకు. ఫొటోల్లో కావాలి, పార్కులో ఎవరూ జాలిపడకుండా ఉండటానికి కావాలి. దానికోసం వాణ్ణి ఇన్‌ఫెక్షన్లకీ మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లకీ ఒప్పగించబోయాను.

కాలు తీయించేశాం. మర్నాటికే లేచి నిలబడ్డాడు. రెండు వారాలకి ఉడతల వెంట పడ్డాడు.

ఏడు నెలలైంది. కీమో అయిపోయింది. ఒకరోజు పరధ్యానంగా, చేతిలో బిస్కెట్‌తో "షేక్ హ్యాండ్" అనేశాను. వాడు కుడివైపుకి ఒరిగి, తూలి, నిలదొక్కుకుని నా మొహంలోకి చూశాడు. వాడి లెక్కలో ఇచ్చేశాడు. బిస్కెట్ కోసం ఆగాడు.

వచ్చే మంగళవారం ఊపిరితిత్తుల ఎక్స్‌రే.