ఆగ్నేయం చూసే గొడుగు

మన ఊళ్లలో ఫ్లాటు కొనేవాడు ధరకంటే ముందు దిక్కు అడుగుతాడు. తూర్పు వాకిలి అయితే సరే, ఉత్తరమైతే మరీ మంచిది. దక్షిణం అన్నారంటే బేరం అక్కడితో ఆగిపోతుంది, లేదా అదే సాకుగా ధర దిగుతుంది. అంత జాగ్రత్తగా దిక్కు చూసి కొన్న ఇంట్లో పాలు పొంగించిన వారానికి డిష్ బిగించే కుర్రాడు వస్తాడు. ఉత్తరం బాల్కనీలో నిలబడి, ఫోన్లో దిక్సూచి తెరిచి చూసి, పెదవి విరుస్తాడు. "ఇటు రాదండీ. డాబా మీద పెట్టాల్సిందే." అతనికి కావలసింది దక్షిణం.

అతను మాత్రం ఏం చేస్తాడు? టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమంగా తిరుగుతూ మనకు కదలనట్టే ఉంటాయి. భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది. కాబట్టి తెలుగు నేల మీద ఏ డిష్ గొడుగైనా దక్షిణం వైపే మొహం పెట్టాలి. టాటా ప్లే వాళ్ల ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. విశాఖపట్నం కూడా దాదాపు ఆ రేఖాంశం మీదే ఉంది గనక అక్కడ ఆ గొడుగు తిన్నగా దక్షిణం చూస్తుంది. డిష్ టీవీది 95 డిగ్రీలు, హైదరాబాద్ డాబాల మీద అది అచ్చమైన ఆగ్నేయం. ఎయిర్‌టెల్ ఉపగ్రహం 108 డిగ్రీల దగ్గర, మరికాస్త తూర్పుకి. వీధిలో నడుస్తూ గొడుగు తిరిగిన దిక్కును బట్టి ఎవరింట్లో ఏ కంపెనీదో చెప్పేయొచ్చు. గొడుగు మీద కంపెనీ పేరు ఎలాగూ రాసే ఉంటుంది గనక ఈ విద్యకు గిరాకీ లేదు.

మా బావమరిది అలాంటి ఉత్తరం ఫ్లాటులోనే కొత్తగా చేరాడు. "బావా, కేబుల్ చెప్పనా, డిష్ చెప్పనా? ఏది బాగా వస్తుంది?" అని అడిగాడు. అందరూ ఇలాగే బొమ్మ గురించే అడుగుతారు. ఒకప్పుడు అడగాల్సిన మాటే. పాత కేబుల్లో గీతలుండేవి, చుక్కలుండేవి, ఒక ఛానల్ వెనక ఇంకో ఛానల్ నీడలా కదిలేది. 2013లో హైదరాబాద్, విశాఖల్లోనూ, ఆ తర్వాత నాలుగేళ్లలో మిగతా ఊళ్లలోనూ సెట్ టాప్ బాక్సులు వచ్చి ఆ తేడా చెరిపేశాయి. ఇప్పుడు వస్తే రెండూ శుభ్రంగా వస్తాయి, పోతే రెండూ గళ్లు గళ్లుగా పోతాయి. అసలు సంగతేమిటంటే, రెండూ ఆకాశం నుంచి దిగేవే. కేబుల్ సంస్థ తన డాబా మీద పెద్ద పెద్ద గొడుగులు పెట్టుకుని ఉపగ్రహాల నుంచి ఛానళ్లు దించుకుంటుంది, తీగలో పోసి మనింటికి పంపిస్తుంది. డిష్ అంటే ఆ గొడుగు మన డాబా మీదే పెట్టుకోవడం.

ఆ రెండు గొడుగులకూ వానలో మాత్రం తేడా తెలుస్తుంది. కేబుల్ వాళ్ల పెద్ద గొడుగు పట్టుకునే తరంగం సుమారు 4 గిగాహెర్ట్జ్‌ది, పొడవు ఏడు సెంటీమీటర్ల పైమాటే. మన ఇంటి చిన్న గొడుగుది 12 గిగాహెర్ట్జ్ దరిదాపు, పొడవు రెండున్నర సెంటీమీటర్లు. పొడుగు తరంగం చినుకుల మధ్య నుంచి దర్జాగా వచ్చేస్తుంది. పొట్టిదాన్ని వాన మింగేస్తుంది. అందుకే మబ్బు బాగా కమ్మి కుంభవృష్టి మొదలవగానే డిష్ ఉన్న ఇంట్లో "నో సిగ్నల్" అన్న అక్షరాలు తెర మీద ఈదుతుంటాయి. తుపాను కాకినాడ దగ్గర తీరం దాటుతుందా, మచిలీపట్నం దగ్గరా అని జనం టీవీకి కళ్లప్పగించే గంట కూడా సరిగ్గా అదే.

అలాగని కేబుల్ వాళ్లు మురిసిపోనక్కర్లేదు. వానకు లొంగని తీగ వేపకొమ్మకు లొంగుతుంది, ఎత్తుగా గడ్డి వేసుకొచ్చిన లారీకి లొంగుతుంది, నిమజ్జనానికి బయల్దేరిన వినాయకుడి కిరీటానికి లొంగుతుంది. స్తంభాల మీద వైర్లు ఎక్కువయ్యాయని కరెంటు వాళ్లు కోసేసి పోతే ఆ పూటకి వీధి వీధంతా చీకటి తెరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖలో స్తంభాలనే పడగొట్టింది. అప్పుడు కరెంటే లేదు, ఇక కేబులా డిష్షా అని వాదులాడుకునే అవకాశం ఎవరికీ దొరకలేదు. మార్చి రెండో వారం ప్రాంతంలోనూ, అక్టోబరు మొదట్లోనూ కొన్ని రోజులపాటు ఇంకో వింత జరుగుతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి నిలబడతాడు. ఆ కొద్ది నిమిషాలు ఆయన వేడి రొదలో ఉపగ్రహం గొంతు మునిగిపోతుంది. అప్పుడు కాల్ సెంటర్‌కి ఫోన్ చేసి తిడితే ఆ అమ్మాయి ఏం చేస్తుంది, సూర్యుణ్ణి పక్కకి జరగమంటుందా?

గొడుగు మనకు కొత్త అనుకుంటారు గానీ, వరసకు అదే పెద్దది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెల్లో టీవీ చూపించారు. ఒక్కో పల్లెలో కోళ్లగూటికి వాడే జాలీతో అల్లిన పది అడుగుల గొడుగు, ఊరందరికీ కలిపి ఒక టీవీ. పట్నంలో చాలా ఇళ్లు టీవీ మొహం ఎరగని రోజుల్లో పల్లె రైతులు ఆకాశం నుంచి నేరుగా వ్యవసాయ పాఠాలు చూశారు. ఏడాది అయ్యాక అమెరికా తన ఉపగ్రహాన్ని తను తీసుకుంది.

కేబుల్ పుట్టుక ఇంత ఘనమైంది కాదు. 1980లలో ఎవరో ఒకరు వీసీఆర్ కొని, ఇంటింటికీ వైరు లాగి, రాత్రిపూట సినిమా వేసేవారు. ఆ వైర్లు అప్పటికే వేలాడుతున్నాయి గనకే 1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్ చూపించినప్పుడు, స్టార్ టీవీ వచ్చినప్పుడు, డాబా మీద ఒక గొడుగు చేర్చగానే పని అయిపోయింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చేసరికి తెలుగు వీధులన్నీ తీగలతో సిద్ధంగా ఉన్నాయి. ఆ ఏడాదే కేబుల్ టీవీకి చట్టం కూడా వచ్చింది. అంటే మన దగ్గర ముందు కేబుల్ వాడు వచ్చాడు, తర్వాత చట్టం వచ్చింది. ఇంటింటి డిష్‌కి మాత్రం 1997లో ప్రభుత్వం అడ్డుపడింది. 2000 చివర్లో గానీ ఒప్పుకోలేదు, 2003లో గానీ మొదటి కంపెనీ తెరవలేదు. ఆ లోపల వీధులన్నీ కేబుల్ వాళ్లు పంచేసుకున్నారు.

వాళ్లు పంచుకున్న వీధిలోనే నాకు అత్యంత ఇష్టమైన ఛానల్ ఉంది: లోకల్ ఛానల్. ఇది ఏ ఉపగ్రహం నుంచీ రాదు. మెయిన్ రోడ్డులో మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు నుంచి వస్తుంది. కోటు వేసుకున్న కుర్రాడు వార్తలు చదువుతాడు. కోటు కింద ఏముందో బల్ల మనకు చూపించదు. మూడో వార్డులో డ్రైనేజీ, మార్కెట్ యార్డులో మిర్చి ధర, రేపు ఎల్లుండి మునిసిపల్ కుళాయిలు రావు. కింద పారే అక్షరాల్లో ఆషాఢం తగ్గింపు ధరల చీరలు, గౌను వేసుకున్న పాప ఫొటోతో పుట్టినరోజు శుభాకాంక్షలు, ఆ వెంటే ఎవరిదో పెద్దకర్మ పిలుపు. దసరా తొమ్మిది రోజులూ మన గుడిలో అమ్మవారి అలంకారం, చివరి రోజు ఊరేగింపు లైవ్. అందులో మన పక్కింటాయన కెమెరా కేసి చూసి చెయ్యి ఊపడం. మూడు వందల ఛానళ్ల డిష్‌లో ఇది ఉండదు. అంత ఎత్తున ఉన్న ఉపగ్రహానికి మన ఊరి పేరేం తెలుస్తుంది? వార్తాపత్రికల వాళ్లు చిన్నచూపు చూస్తారు గానీ, కుళాయి ఎప్పుడొస్తుందో చెప్పిన వార్త కంటే ఉపయోగమైన వార్త ఏ జాతీయ ఛానల్లోనూ నేను చూడలేదు.

కేబుల్‌తో పాటు ఒక మనిషి కూడా వస్తాడు. భుజాన వైరు చుట్ట, జేబులో కటింగ్ ప్లయరు, బండికి నిచ్చెన. "తమ్ముడూ, సీరియల్ టైముకి పోయిందేంటయ్యా?" అని మా అత్తయ్యగారు ఫోన్ చేస్తే, "జాయింటు దగ్గర పోయింది మామ్మగారూ, పది నిమిషాల్లో వస్తా" అంటాడు. అతని పది నిమిషాలు సీరియల్ అయిపోయేదాకా సాగుతాయి. అయినా వస్తాడు. వచ్చినప్పుడు తిట్లు తింటాడు, మంచినీళ్లు తాగుతాడు, పనిలో పనిగా ఆవిడ ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసి పెడతాడు. నెలాఖరున డబ్బు లేకపోతే ఐదో తారీఖు దాకా ఆగుతాడు. డిష్‌కి ఈ మొహమాటాలు లేవు. గడువు తేదీ దాటగానే కథానాయిక కన్నీళ్ల మధ్యలో బొమ్మ ఆగిపోతుంది. ఫోన్ చేస్తే తెలుగు కోసం ఒక అంకె, ఫిర్యాదు కోసం ఇంకో అంకె నొక్కించుకుని, చివరికి బాక్సు ఆపి మళ్లీ వేయమంటారు. తమాషా ఏమిటంటే చాలాసార్లు దాంతోనే బాగవుతుంది.

ధర సంగతికొస్తే 2019 ఫిబ్రవరి 1న నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. ఎవరికి కావలసిన ఛానళ్లు వాళ్లే ఎంచుకోండి, చూసినవాటికే డబ్బు కట్టండి అంది. వినడానికి ఎంత న్యాయం! అప్పట్లో మొదటి వంద ఛానళ్లకు 130 రూపాయలు, పన్నుతో 153 చిల్లర. ఆ పైన డబ్బు ఛానళ్లు విడివిడిగా. ప్యాకులో చేరాలంటే ఒక్కో ఛానల్ 19 రూపాయలు దాటకూడదన్నారు. పేరున్న ఛానళ్లు చాలా వరకు ఆ పంతొమ్మిది దగ్గరే వచ్చి కూర్చున్నాయి. కేబుల్ కుర్రాళ్లు ఇంటింటికీ కాగితాలు పట్టుకొచ్చి టిక్కులు పెట్టమన్నారు. అత్తగారి సీరియళ్లు, మామగారి భక్తి, మనవడి కార్టూన్లు, అబ్బాయి క్రికెట్ అన్నీ కూడితే పాత బిల్లు కంటే ఎక్కువ తేలింది చాలా ఇళ్లలో. చివరికి అందరూ కుర్రాడు చెప్పిన ప్యాకే తీసుకున్నారు. కేబుల్‌కీ డిష్‌కీ ఒకే రూలు కావడంతో ధరలో పెద్ద తేడా కూడా మిగల్లేదు. నెలకు పైసా కట్టనక్కర్లేని దూరదర్శన్ వాళ్ల ఫ్రీ డిష్ ఉంది. సప్తగిరి, యాదగిరి చాలనుకునే ఇంటికి అంతకు మించింది లేదు. మా అత్తయ్యగారికి చాలదు.

డిష్ వద్దని చెప్పడం లేదు. మా చెల్లెలి ఇల్లు ఊరికి దూరంగా నిమ్మతోటలో ఉంది. ఒక్క ఇంటి కోసం అంత దూరం స్తంభాలకు తీగ లాగే కేబుల్ వాడు పుట్టలేదు. అక్కడ గొడుగే దిక్కు. బదిలీల ఉద్యోగాల వాళ్లకీ అంతే, మంచం, బీరువాతో పాటు గొడుగు కూడా లారీ ఎక్కుతుంది. వీధికి ఒక్కడే కేబుల్ వాడుండి, వాడు మాట వినని ఊళ్లలో డిష్ పెట్టించుకోవడం ఒక రకమైన నిరసన కూడా.

మా బావమరిదికి మాత్రం కేబులే చెప్పాను. ఉత్తరం బాల్కనీ, పై అంతస్తుల దాకా వైరు లాగాలి, డాబా మీద అసోసియేషన్ సెక్రటరీతో గొడవ, ఇంట్లో పెద్దావిడ. ఇక వేరే ఆలోచన అక్కర్లేదనుకున్నాను. పక్క గదిలోంచి వాడి కొడుకు, "ఇప్పుడు టీవీ ఎవరు చూస్తున్నారు మామయ్యా? నెట్ పెట్టిస్తే చాలు" అన్నాడు. కుర్రాడిది నోటిదురుసు కాదు. 2020 చివర్లో ఏడు కోట్లున్న డిష్ కనెక్షన్లు ఇప్పుడు ఆరు కోట్ల లోపుకి దిగాయి. ఈ తరం కుర్రాళ్లకు ఆకాశంతోనే పని లేదు.

నెట్ ఎవరిస్తారని ఆరా తీస్తే ఆ వీధిలో ఇచ్చేది కేబుల్ కుర్రాడే. స్తంభం అదే, వంటింటి వెంటిలేటర్ కన్నం అదే, లోపలికొచ్చే తీగ మాత్రం సన్నబడి ఫైబరైంది. మర్నాడే రౌటరు పట్టుకుని వచ్చాడు. "నెట్‌తో పాటు టీవీ కూడా కలిపి తీసుకోండి అన్నా, నెలకి వంద తగ్గిస్తా" అన్నాడట. ఆ వంద మీద ఇంకో యాభై తగ్గించమని మా బావమరిది పట్టుబట్టి కూర్చున్నాడు. బేరం ఇంకా తెగలేదు.