దామెర్ల గీత

మా జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం నుంచి వెళ్లిన మాంధాత చక్రవర్తి శిల్పఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది. అందులోని సన్నని, పొడవాటి మనుషుల్ని తలచుకుంటే నాకు చిత్రకారుడు దామెర్ల రామారావు గుర్తొస్తాడు. ఆయన ‘పుష్పాలంకరణ’ చిత్రంలోనూ అంతే, గీతకి తొందర లేదు. 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయిలో చదివాడు. పేరొచ్చాక అక్కడే ఉండిపోగలిగేవాడు. కానీ తిరిగొచ్చి సొంతూళ్లో చిత్రకళాశాల పెట్టాడు! భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. బొమ్మలకన్నా నాకు సొంతూరికి తిరిగొచ్చిన రామారావు మనసే ఎక్కువ ఇష్టం. 1925లో మశూచి ఆయన్ని 27 ఏళ్లకే తీసుకుపోయింది.

నందిగామ, జగ్గయ్యపేట మాస్టార్లూ, మన పిల్లల్ని ఒక్కసారి రాజమండ్రిలోని దామెర్ల గ్యాలరీకి తీసుకెళ్లండి.