గినీపందికొరకు మేము చేసిన ప్రయాణము

పెంపుడు జంతువు కావలెనని పిల్లలు పట్టుబట్టని యిల్లు అరుదు. కుక్కను తెత్తమన్న అద్దెయింటి యజమాని ఒప్పడు. పిల్లిని తెత్తమన్న అత్తగారు ఒప్పరు. అట్టి యిండ్లలో నేడు గినీపంది ప్రవేశించుచున్నది. దీనిని ఎచ్చటనుండి తెచ్చుకొనవలెనో తెలియక సికింద్రాబాదు, హైదరాబాదు వీథులలో మేము తిరిగిన తిరుగుడును, దానికి ముందు మేము చేసిన పొరపాటును సోదరీమణులకు తెలుపుట మంచిదని తోచి యిది వ్రాయుచున్నాము.

పేరు విని జడియవలదు. ఇది పందియు కాదు, గినీ దేశమునకును దీనికిని సంబంధమును లేదు. దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములు దీని పుట్టినిల్లు. అచ్చటివారు వేల సంవత్సరములకు పూర్వమే దీనిని మచ్చిక చేసి మాంసముకొరకు ఇండ్లలో పెంచిరి. నేటికిని పెరూ దేశమున దీనిని 'కుయ్' అందురు. పదునారవ శతాబ్దమున స్పెయినువారి రాకపోకలతో ఐరోపాకు చేరి, అచ్చట పిల్లలకు ఆటతోడయ్యెను. దీనికి తోక కనబడదు. కాళ్లు పొట్టి, చెవులు పలుచని రేకులవలె నుండును. పెరిగిన పిమ్మట ఇంచుమించు కిలో బరువు తూగును. బాగుగా చూచుకొన్న 5 మొదలు 8 సంవత్సరములు బ్రతుకును.

మొదటిసారి మేము ఇవేమియు విచారింపలేదు. 2018 వేసవి మొదట మా అమ్మాయికి పది యేండ్లు నిండినవి. ఆనాడు దారిలో కనబడిన యొక అంగడిలో, అద్దపు పెట్టెలో ఒంటరిగా కూర్చున్న గోధుమవన్నె పిల్లను చూచి ముచ్చటపడి కొంటిమి. "ఏమి పెట్టినా తింటుందమ్మా" అని అంగడివాడు కుందేళ్ల మేత పొట్లము నొకటి చేతిలో పెట్టెను. మేము దానికితోడు అన్నము, అటుకులు పెట్టితిమి. వన్నెను చూచి అమ్మాయి దానికి బూరె యని పేరు పెట్టెను.

మూడు వారములు గడచుసరికి బూరె పరుగిడుట మానెను. వెనుకకాళ్లు బిగిసినవి, చేతిలోనికి తీసికొన్న కీచుమని అరచెడిది, చిగుళ్లనుండి రక్తము కనబడెను. వెరచి పశువైద్యునియొద్దకు కొనిపోతిమి. "పచ్చికూర లేమి పెట్టినారు?" అని ఆయన అడిగెను. మేము మారుపలుకలేదు. మూడవనాటి ఉదయమున అది లేవలేదు. అమ్మాయి ఏడ్చినదని చెప్పలేము. నీళ్లసీసాను తానే కడిగి, తుడిచి, అలమరలో వెనుకవైపున పెట్టి బడికి వెళ్లినది. అది చూచి మాకు కలిగిన బాధ మేమెరుగుదుము.

వైద్యుడు పిదప మాకు వివరముగా చెప్పెను. పెక్కు జంతువులకు సి విటమిను తమ దేహములోనే తయారగును. మనుష్యునకును గినీపందికిని ఆ శక్తి లేదు. 1907లో నార్వే దేశపు విద్వాంసులు ఆక్సెల్ హోల్‌స్ట్, థియోడర్ ఫ్రోలిక్ గినీపందులకు ధాన్యపు మేతయే పెట్టి చూడగా, పూర్వము ఓడవాండ్రను చంపిన స్కర్వీ వ్యాధియే వానికి వచ్చెను. తాజా కూరలు, పండ్లరసము చేర్చినయెడల రాలేదు. ఆ వ్యాధికి ఆహారలోపమే కారణమని లోకము నమ్ముటకు ఈ పరీక్ష ఎంతయో తోడ్పడెను. మానవులకు అంతటి మేలుచేసిన జాతిలోని ప్రాణి, ఆ సంగతి తెలియని మా చేతులలో ఆ వ్యాధితోడనే పోయినది. కొత్తిమీర కట్ట ఆ మూడు వారములును మా వంటయింటనే ఉండెను!

మరుసటి సంవత్సరము మాఘమాసమున అమ్మాయి తిరిగి అడిగినది. "ఈసారి అన్నీ తెలిసికొని తెద్దామమ్మా" అన్నది. కాదనలేకపోతిమి. అయితే ఎచ్చటనుండి? ఈ ప్రశ్న నెత్తికెత్తుకొని ఒక ఆదివారము ఉదయమున చార్మినారునకు బయలుదేరితిమి.

1591లో కట్టిన ఆ కట్టడము చెంత బస్సు దిగి పడమరగా నడిచిన లాడ్‌బజారు. ఇరుప్రక్కల గాజుల అంగళ్లు. రాళ్లు పొదిగిన లక్కగాజులు దీపములక్రింద తళుకుమనుచున్నను అమ్మాయి ఒక్కచోటనైన నిలువలేదు. మేము మాత్రము రెండుచోట్ల నిలిచితిమని ఒప్పుకొనక తప్పదు. ఆ వీథి దాటిన మహబూబ్ చౌకు. ఇది ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పేర వెలసినది. ఆయనయొద్ద ప్రధానమంత్రిగా నుండిన ఆస్మాన్ జా 1892లో కట్టించిన గడియారపు గోపురము దూరమునుండియే కనబడును. కోళ్లు, పక్షులు అమ్ముటచేత జనులు దీనిని ముర్గీచౌకు అనిరి.

మేము వెళ్లిన దినమున అచ్చట పావురములు, కోళ్లు, బాతులు, కుందేళ్లు పంజరములపై పంజరములుగా నుండెను. ఆ గోలలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఒక మూల తీగెబుట్టలో పది గినీపందులు ఒకదానినొకటి హత్తుకొని యుండెను. వృద్ధుడైన వ్యాపారి మర్యాదస్థుడు. ఆడదేదో మగదేదో చెప్పుమని అడుగగా నవ్వి, "పిల్లలమ్మా ఇవి, నేను చెప్తే అబద్ధం అవుతుంది. రెండు తీసుకుపో, ఒక్కటి ఉండలేదు" అనెను. ఆ నిజమునకు ఆయనకు నమస్కరింపవలసినదే. కాని అవి యెవరి యింట పుట్టినవో, ఎన్నాళ్లవో, ఏమి తిని పెరిగినవో ఆయనకును తెలియదు. వట్టిచేతులతో తిరిగి వచ్చితిమి.

తరువాతి వారము క్రొత్త పేటలోని చల్లని అద్దాల అంగడికి పోతిమి. పెంపుడు జంతువులు అమ్ము అంగళ్లు రాష్ట్ర జంతుసంక్షేమ మండలియొద్ద నమోదు కావలెనని 2018లో కేంద్రప్రభుత్వము నిబంధనలు చేసినది. ఆ పత్రము చూపుమని అడుగగా అచ్చటి కుఱ్ఱవాడు యజమాని ఊరిలో లేడనెను. ఆడది, మగది ఒక్క పెట్టెలోనే ఉండెను. ఆడగినీపంది నెల నిండిన కొలదిదినములకే గర్భము దాల్చగలదు. సుమారు 65 దినములకు ఈనును. పిల్లలు కండ్లు తెరచుకొని, ఒడలినిండ బొచ్చుతో పుట్టి త్వరలోనే గడ్డి కొరుకును. కాబట్టి ఎరుగక ఆడమగలను కలిపి తెచ్చుకొన్న యిల్లాలికి రెండు నెలలు దాటిన కొలదిదినములకే సంతానము పెరుగును, వానికి చోటెక్కడ? మేము అచ్చటను కొనలేదు. అమ్మాయి ముఖము చిన్నబోయినను ఏమియు అనలేదు.

చివరకు ఆ పశువైద్యుడే తూర్పు మారేడుపల్లిలోని యొక యింటికి దారి చెప్పెను. ఆ యిల్లాలు అమ్ముకొను మనిషి కాదు. ఎవరో వదలించుకొన్న జంట ఆమె యింట చేరి పెరిగినది. పిమ్మట ఆడవానిని, మగవానిని వేరుచేసి పెంచుచుండెను. మేము ప్రశ్నల నన్నిటిని కాగితముపై వ్రాసికొని పోతిమి. కాని కాఫీ యిచ్చి కూర్చుండబెట్టి ఆమెయే మమ్ము అడుగసాగినది.

"పంజరం ఎక్కడ పెడతారమ్మా? మధ్యాహ్నం అక్కడికి ఎండ వస్తుందా? సంక్రాంతికి ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు? రోజూ గడ్డి ఎవరు తెస్తారు? ఇదివరకు పెంచారా?"

చివరి ప్రశ్నకు మేము తడబడుచుండగా అమ్మాయి తలవంచుకొని బూరె కథ అంతయు చెప్పినది. ఆమె ఇక మా చేతిలో నేమియు పెట్టదనుకొంటిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, అమ్మాయిని దగ్గరకు పిలిచి, ఒడిలో నొక పిల్లను కూర్చుండబెట్టినది. "ఒక్కదాన్ని ఇవ్వను. స్విట్జర్లాండులో 2008 నుంచి ఒంటరిగా పెంచడం చట్టానికే విరుద్ధం. అక్కచెల్లెళ్లు ఇద్దరున్నారు. పదిహేను రోజుల్లో అన్నీ సిద్ధం చేసుకుని రండి" అనినది. పెండ్లిచూపులకు వెళ్లి, మనలనే చూచి పంపినట్లయ్యెను!

ఆ పదునైదు దినములును మా యింట పండుగపనులవలె గడచినవి. ఉత్తరపు గదిలో నేలమీద నాలుగడుగుల పొడవున చోటు అమర్చితిమి. 30 డిగ్రీలు దాటిన వేడిమి వీనికి ప్రాణాపాయము గనుక, మన వేసవికి తడిగుడ్డ చుట్టిన చల్లనికుండ నొకటి ఆనుకొనుటకు పెట్టితిమి. మేతలో ముఖ్యమైనది గడ్డి. వినాయకచవితికి మనము ఏరి తెచ్చు గరికయే వీనికి నిత్యభోజనము. మందు చల్లని చోట కోసినదై యుండవలెను. ఇక కొత్తిమీర, బెంగుళూరు మిరప, చిన్న జామముక్క దినదినము పెట్టవలెను. అన్నము, అటుకులు, రొట్టె, పాలు పెట్టరాదు.

బెల్లము, మిరియము అని పేర్లు పెట్టిన ఆ అక్కచెల్లెండ్రు మా యింట ఐదేండ్లకు పైగా నుండిరి. వంటయింటిలో కొత్తిమీర త్రుంచు చప్పుడు విన్నంతనే ఇరువురును ఈల వేసెడివారు. 2024లో మిరియము వార్ధక్యముచేత పోయినది. బెల్లము మేత తగ్గించి మూల కూర్చుండెను. క్రొత్తదానిని తెత్తమా యని యోచించితిమి. అట్లయిన ఈ వరుస ఎన్నటికిని తెగదు. తుదకు సందేహించుచునే మారేడుపల్లికి మాట పంపితిమి. "దాని ఇల్లేగా, తీసుకురండి" అని ఆ యిల్లాలు కబురంపినది.

పదునారేండ్ల మా అమ్మాయి బెల్లమును ఒడిలో పెట్టుకొని తానే తీసికొనిపోయి దిగవిడిచి వచ్చినది. వారము తిరుగకమునుపే అది తోటివానితో కలిసి గడ్డి తినుచున్నదని తెలిసినది.

కావున సోదరీమణులారా, గినీపందిని తెచ్చుకొనదలచినవారు వెలను చివర అడుగుడు. ఆడయో మగయో తెలిసినవారు, దాని వయస్సును మేతను చెప్పగలవారు, ఒంటరిదానిని ఇయ్యనివారు, మిమ్మును ప్రశ్నింపక వదలనివారు ఎవరో విచారింపుడు. అంగడియైనను ఇల్లైనను సరియే, వలసినపుడు తిరిగి చేర్చుకొను చోటనుండియే తెచ్చుకొనుడు. ఆడపిల్లకువలెనే ఆ మూగప్రాణికిని వెనుక నొక తలుపు తెరచియుండవలెను.