శాన్ డియేగోలో ఓ రాబందు

జూ అంటే నాకు మొదట్నించీ పడదు. డబ్బులిచ్చి మరీ బందీలను చూడటమేమిటని నా వాదన. అయినా ఇంట్లో మన మాట చెల్లదు కదా! మొన్న లాంగ్ వీకెండ్‌కి మా ఆవిడా, అమ్మాయీ కలిసి శాన్ డియేగో జూకి లాక్కెళ్ళారు. వాళ్ళు పాండాల క్యూలో నిలబడితే, నేను పెద్దగా జనం లేని కాలిఫోర్నియా కాండార్ దగ్గర చేరాను. బోడితల, నల్లటి ఒళ్ళు... అచ్చం మన రాబందే. కాకపోతే రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు!

1982 నాటికి ఇవి ప్రపంచం మొత్తమ్మీద 22 మిగిలాయి. 1987లో అడవిలో ఉన్న ఆఖరిదాన్ని కూడా పట్టుకొచ్చి, మొత్తం 27 పక్షుల్నీ ఇక్కడా, లాస్ ఏంజెలెస్‌లోనూ పెట్టారు. బోనులో బతికించే బదులు గౌరవంగా పోనివ్వండి అని అప్పట్లో పెద్ద గొడవే చేశారు కొందరు.

కాండార్ మామూలుగా రెండేళ్ళకి ఒక్క గుడ్డు పెడుతుంది. అది తీసేస్తే ఇంకోటి పెడుతుందిట! తీసిన గుడ్డుని ఇంక్యుబేటర్లో పొదిగించి, పిల్లకి మనుషులు అలవాటు కాకుండా, తల్లి తలలాంటి బొమ్మని చేతికి తొడుక్కుని తిండి పెట్టారు. 1992 నుంచి బయటికి వదలటం మొదలుపెట్టారు. ఇవాళ 500 దాటాయి, సగానికి పైగా ఆకాశంలోనే ఉన్నాయి. బోనుకి తలుపుంటే నాకూ అభ్యంతరం లేదు.

కానీ అసలు చిక్కు తలుపు అవతల ఉంది. వేటగాళ్ళు కొట్టిన జంతువుల కళేబరాల్లో సీసం తూటాల ముక్కలుంటాయి. అవి తిని ఇప్పటికీ చస్తున్నాయి. 2019 నుంచి కాలిఫోర్నియాలో వేటకి సీసం వాడకూడదు. పక్కనున్న అరిజోనాలో మాత్రం వేటగాడి ఇష్టం. స్టేట్ బోర్డర్ ఎక్కడుందో పక్షికెలా తెలుస్తుంది చెప్పండి?

మన రాబందులదీ ఇదే కథ. పశువుల నొప్పులకిచ్చే డైక్లోఫెనాక్ వాటి మూత్రపిండాల్ని పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో పశువులకి వాడకుండా ఆపారు. అప్పటికే నూటికి తొంభైకి పైగా పోయాయి. హైదరాబాద్ జూపార్కులోనూ వాటికో సంతానోత్పత్తి కేంద్రం పెట్టారు. జటాయువుకి దండం పెడతాం, ఎవణ్ణైనా తిట్టాలంటే మాత్రం రాబందు అంటాం!

గుంటూరు జిల్లాలోని మా ఊళ్ళో, చిన్నప్పుడు గొడ్డు చస్తే చెరువుగట్టు అవతల పడేసేవాళ్ళు. సాయంత్రానికి ఎముకలే మిగిలేవి. ఆ రాత్రే అమ్మకి ఫోన్ చేసి, ఇప్పుడేం చేస్తున్నారని అడిగాను.

"ఇప్పుడవెక్కడున్నాయిరా? జేసీబీ పిలిపించి గొయ్యి తీయిస్తున్నారు. లేకపోతే కుక్కలు చేరుతున్నాయి, చీకటి పడితే అటు పోలేకపోతున్నాం" అంది.